మీ లాగిన్ పేజీ ఎవరికి ఖాతా ఉందో బయటపెడుతోందా? పరీక్షించి సరిచేసే పద్ధతి

చిన్న వెబ్‌సైట్లు నడిపేవారి నుంచి, కొత్తగా ఉద్యోగంలో చేరిన డెవలపర్ల నుంచి ఒకే ప్రశ్న పదే పదే వస్తోంది. "మా సైటుకు హెచ్‌టీటీపీఎస్ ఉంది, పాస్‌వర్డ్‌లను హ్యాష్ (అసలు పాస్‌వర్డ్‌ను తిరిగి రాబట్టలేని రూపం) చేసే దాస్తున్నాము, ఓటీపీ కూడా పెట్టాము. అయినా భద్రతా పరీక్ష చేసినవారు 'ఖాతాల ఉనికి బయటపడుతోంది' అని నివేదికలో రాశారు. ఇప్పుడు ఏం చేయాలి?" ఈ వ్యాసం ఆ ప్రశ్నకు జవాబు.

విషయం సూటిగా చెబుతాను. ఆస్పత్రి రిసెప్షన్‌కు ఫోన్ చేసి ఒక వ్యక్తి రిపోర్టు అడిగితే, అక్కడివారు "ఆయన రిపోర్టు మీకు ఇవ్వకూడదండీ" అన్నారనుకోండి. రిపోర్టు భద్రంగానే ఉంది, కానీ ఆయన అక్కడ వైద్యం చేయించుకుంటున్నారన్న సంగతి బయటపడింది. లాగిన్ పేజీలు చాలావరకు ఇదే చేస్తాయి. పాస్‌వర్డ్‌ను కాపాడుతూనే, ఫలానా నంబరుకు ఇక్కడ ఖాతా ఉందన్న సమాచారాన్ని అడిగిన ప్రతివారికీ ఇస్తాయి. మద్యం మాన్పించే కేంద్రం, మానసిక వైద్యశాల, అప్పులిచ్చే సంస్థ, పెళ్లి సంబంధాల సైటు వంటి చోట్ల సభ్యత్వమే రహస్యం. మిగతా చోట్ల కూడా నష్టం ఉంది, ఎందుకంటే ఇతర సైట్ల నుంచి లీకైన లక్షల ఈమెయిళ్లలో మీ దగ్గర ఖాతా ఉన్నవాటిని ముందుగా ఏరుకుని, వాటి మీదే పాస్‌వర్డ్‌లు ప్రయత్నించడానికి దాడి చేసేవారికి వీలు కలుగుతుంది.

ఇలాంటి లోపం ఒక్కో జవాబును విడిగా చూస్తే కనిపించదు. ఖాతా ఉన్నవారికి వచ్చే జవాబును, లేనివారికి వచ్చే జవాబును పక్కపక్కన పెట్టినప్పుడే అది తెలుస్తుంది. కింద చెప్పే పని అంతా ఆ పోలికే.

మొదలుపెట్టే ముందు ఒక హెచ్చరిక. ఈ పరీక్షలను మీ సొంత సైటు మీద, లేదా యజమాని రాతపూర్వకంగా అనుమతి ఇచ్చిన సైటు మీద మాత్రమే చేయండి. అనుమతి లేకుండా ఇతరుల కంప్యూటర్ వ్యవస్థల్లోకి చొరబడటం, వాటి పనికి ఆటంకం కలిగించడం వంటివి సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 43, 66 సెక్షన్ల కిందికి వస్తాయి. "ఊరికే చూశాను" అన్న మాట అక్కడ రక్షించదు.

కావలసినవి

- అసలు సర్వర్‌లో ఉన్న సెట్టింగులతోనే నడిచే ఒక టెస్ట్ సర్వర్. డీబగ్ మోడ్ ఆపి ఉండాలి, హ్యాష్ సెట్టింగులు అసలు సర్వర్‌లో ఉన్నవే ఉండాలి. పరీక్షలు వేగంగా పూర్తి కావాలని టెస్ట్ సర్వర్‌లో హ్యాష్ కాస్ట్‌ను (ఒక్కో హ్యాష్‌కు ఎంత గణన చేయాలో చెప్పే అంకెను) తగ్గించి పెట్టుకునే అలవాటు చాలామందికి ఉంది. దాన్ని అలాగే ఉంచితే కింద చెప్పే కాలపరీక్ష మొత్తం వృథా.
- క్రోమ్ లేదా ఫైర్‌ఫాక్స్. ఎఫ్12 నొక్కితే తెరుచుకునే డెవలపర్ టూల్స్‌లోని నెట్‌వర్క్ ట్యాబ్ చాలు.
- ఒకే అభ్యర్థనను అనేకసార్లు పంపి సమయాన్ని నమోదు చేసే సాధనం. కర్ల్ సరిపోతుంది, పైథాన్‌లో చిన్న స్క్రిప్ట్ రాసుకున్నా సరిపోతుంది.
- రెండు ఫైళ్లను వరుస వరుసగా పోల్చి చూపే డిఫ్ వంటి సాధనం, లెక్కల కోసం ఒక స్ప్రెడ్‌షీట్.
- లాగిన్ కోడ్‌ను మార్చే అధికారం, లేదా ఆ అధికారం ఉన్న మనిషి పక్కన ఉండటం.

1. పరీక్ష ఖాతాలను సిద్ధం చేసుకోండి

ఉన్న ఖాతా ఒకటి, లేని ఖాతా ఒకటి పెట్టుకుని పరీక్ష ముగించేవారే ఎక్కువ. నాలుగు రకాలు కావాలి: మామూలుగా పనిచేస్తున్న ఖాతా, ఎన్నడూ నమోదు కాని ఈమెయిల్, నిలిపివేసిన ఖాతా, పాస్‌వర్డ్ అనేదే లేని ఖాతా. గూగుల్ ద్వారానో ఓటీపీ ద్వారానో మాత్రమే లాగిన్ అయ్యేవారివి నాలుగో రకంలోకి వస్తాయి. లోపాలు ఎక్కువగా దాగేది చివరి రెండు రకాల్లోనే.

పరీక్షకు వాడే ఈమెయిళ్లన్నీ ఒకే పొడవు ఉండేలా చూసుకోండి. మీరు టైప్ చేసిన ఈమెయిల్‌ను పేజీ తిరిగి చూపిస్తుంటే, పేరు పొడవులో తేడా వల్లనే జవాబు పరిమాణం మారిపోయి, లేని లోపం ఉన్నట్టు కనిపిస్తుంది. ప్రతి పరీక్షకూ కొత్త ప్రైవేటు విండో తెరవండి. పాత కుకీలు ఫలితాన్ని తారుమారు చేస్తాయి.

2. ఈమెయిల్ లేదా మొబైల్ నంబరు తీసుకునే ప్రతి చోటునూ రాసుకోండి

లాగిన్, పాస్‌వర్డ్ మరచిపోయినవారి పేజీ, కొత్త రిజిస్ట్రేషన్, ఓటీపీ పంపే చోటు, ఈమెయిల్ మార్చుకునే చోటు, "స్నేహితుడిని ఆహ్వానించండి" వంటి చోట్లు అన్నీ రాయండి. మొబైల్ యాప్ వాడే ఏపీఐని (యాప్ సర్వర్‌తో మాట్లాడే దారిని) తప్పకుండా చేర్చండి. వెబ్‌సైటులో సందేశాలన్నీ చక్కగా సరిచేసి, అదే సర్వర్ యాప్‌కు మాత్రం "వినియోగదారు లేరు" అని స్పష్టంగా చెబుతూ ఉండటం చాలా మామూలుగా కనిపించే తప్పు. యాప్ తెరమీద ఆ మాట కనిపించకపోవచ్చు, కానీ ఫోన్‌కూ సర్వర్‌కూ మధ్య నడిచే సంభాషణను చూడటం ఎవరికైనా సాధ్యమే.

3. కంటికి కనిపించే సందేశాలను పోల్చండి

ఒక్కో చోట నాలుగు రకాల ఖాతాలనూ తప్పు పాస్‌వర్డ్‌తో ప్రయత్నించి, వచ్చిన సందేశాలను అక్షరం అక్షరం రాసుకోండి. "ఈ నంబరు మా దగ్గర నమోదు కాలేదు", "పాస్‌వర్డ్ తప్పు", "మీ ఖాతాను నిలిపివేశాము" అని మూడు వేర్వేరు మాటలు వస్తే, మూడు రకాల సమాచారం ఇచ్చేసినట్టే.

లాగిన్‌కు ఒకే సందేశం పెట్టండి: "మొబైల్ నంబరు లేదా పాస్‌వర్డ్ సరిపోలలేదు." పాస్‌వర్డ్ రీసెట్‌కు: "ఈ చిరునామాతో ఖాతా ఉంటే, రీసెట్ లింకు పంపాము." ఖాతా నిలిపివేసిన విషయాన్ని సరైన పాస్‌వర్డ్ ఇచ్చిన తర్వాత చెప్పవచ్చు, ఎందుకంటే అప్పుడు అవతల ఉన్నది ఖాతాదారే అనుకోవడానికి ఆధారం ఉంది.

సందేశాన్ని రెండు చోట్ల విడివిడిగా టైప్ చేయకండి. ఒకచోట చివర చుక్క ఉండి, మరోచోట లేకపోయినా ఆ చుక్కే గుర్తు అవుతుంది. ఒకే స్థిరాంకంలో పెట్టి రెండు దారుల్లోనూ దాన్నే వాడండి. సైటు తెలుగులోనూ ఇంగ్లిషులోనూ ఉంటే రెండు భాషల్లోనూ పరీక్షించండి. అనువాద ఫైలులో పాత సందేశాలు మిగిలిపోయి ఉండవచ్చు.

4. కనిపించని భాగాలను పోల్చండి

సందేశం ఒకటే కావడంతో పని అయిపోయిందనుకోవడం సహజం, కానీ పోలిక ఇక్కడే గట్టిగా జరగాలి. 2015 జూలైలో ఆష్లీ మాడిసన్ అనే సైటు విషయంలో భద్రతా పరిశోధకుడు ట్రాయ్ హంట్ దీన్ని ఎత్తిచూపారు. వివాహేతర సంబంధాలు కోరుకునేవారి కోసం నడిచిన సైటు కాబట్టి, సభ్యత్వం బయటపడటమే అక్కడ పెద్ద ప్రమాదం. పాస్‌వర్డ్ మరచిపోయినవారి పేజీలో ఖాతా ఉన్నా లేకున్నా ఒకే వాక్యం వచ్చేది. అయితే ఒక సందర్భంలో ఈమెయిల్ టైప్ చేసే పెట్టె కూడా పేజీలో మిగిలి ఉండేది, మరో సందర్భంలో ఉండేది కాదు. వాక్యం జాగ్రత్తగా రాసినవారు పేజీని పోల్చి చూడలేదు.

నెట్‌వర్క్ ట్యాబ్‌లో అభ్యర్థనను ఎంచుకుని ఇవన్నీ చూడండి:

- స్టేటస్ కోడ్, అంటే సర్వర్ ప్రతి జవాబుతో పంపే మూడంకెల సంఖ్య. ఒకదానికి 401, మరోదానికి 404 వస్తే సందేశం ఒకటే అయినా ప్రయోజనం లేదు.
- జవాబు పరిమాణం బైట్లలో. రెండు జవాబులను ఫైళ్లుగా దాచి డిఫ్‌తో పోల్చండి. ప్రతి అభ్యర్థనకూ మారే సీఎస్ఆర్ఎఫ్ టోకెన్ (ఫారం మీ సైటు నుంచే వచ్చిందని నిర్ధారించే గుర్తు) వంటివి తప్ప మరే తేడా ఉండకూడదు.
- పేజీ మళ్లించే చిరునామా. "లోపం=1", "లోపం=2" వంటి గుర్తులు చిరునామాలో మిగిలిపోతుంటాయి.
- కుకీలు. ఖాతా దొరికినప్పుడు మాత్రమే సెషన్ కుకీ పుట్టడం తరచుగా చూసే తప్పు.

దాచి చూపే అంకెల విషయం కూడా ఇక్కడే చూసుకోవాలి. ఈమెయిల్ ఇవ్వగానే "4821తో ముగిసే నంబరుకు ఓటీపీ పంపాము" అని చెబితే, ఖాతా ఉందన్న సంగతితో పాటు నాలుగు అంకెలు కూడా ఇచ్చినట్టు. నాలుగు అంకెలతో ఏమవుతుందని అనుకోవద్దు. 2012 ఆగస్టులో అమెరికా పాత్రికేయుడు మ్యాట్ హోనన్ విషయంలో, అమెజాన్ ఖాతాలో కనిపించే క్రెడిట్ కార్డు చివరి నాలుగు అంకెలనే ఆపిల్ ఫోన్ సహాయ విభాగం గుర్తింపు ఆధారంగా అంగీకరించింది. ఒక సంస్థ చూపినా పరవాలేదనుకున్న అంకెలు మరో సంస్థకు రహస్య ఆధారమయ్యాయి. దాడి చేసినవారు ఆయన ఐఫోన్, ఐప్యాడ్, మ్యాక్‌బుక్‌లలోని సమాచారాన్ని చెరిపివేశారు. అందుచేత లాగిన్ పూర్తికాక ముందు ఏ అంకెనూ చూపకండి. చూపక తప్పని పరిస్థితి ఉంటే, నక్షత్రాల సంఖ్యను స్థిరంగా ఉంచండి. ఈమెయిల్‌లోని అక్షరాలెన్నో అన్ని నక్షత్రాలు పెడితే దాని పొడవు కూడా చెప్పినట్టవుతుంది.

5. సమయాన్ని కొలవండి

ఎక్కువమంది వదిలేసేది, అందుకే ఎక్కువ వివరంగా చెప్పవలసినది ఈ మెట్టు.

బీక్రిప్ట్, ఆర్గాన్2 వంటి హ్యాష్ పద్ధతులు కావాలనే నెమ్మదిగా పనిచేస్తాయి. ఒక్క పాస్‌వర్డ్‌ను పరిశీలించడానికి అవి వందల మిల్లీసెకన్లు కూడా తీసుకోవచ్చు. మామూలుగా రాసిన కోడ్, ఖాతా దొరకకపోతే పాస్‌వర్డ్‌ను పరిశీలించకుండానే వెనక్కి వచ్చేస్తుంది. అంటే లేని ఖాతాకు జవాబు వెంటనే, ఉన్న ఖాతాకు జవాబు ఆలస్యంగా వస్తుంది. పాస్‌వర్డ్‌ను కాపాడటానికి పెట్టిన నెమ్మదే ఖాతా ఉనికిని చెబుతుంది.

కొలిచే పద్ధతి ఇది. టెస్ట్ సర్వర్‌లో ప్రయత్నాల పరిమితిని తాత్కాలికంగా ఆపండి. ఉన్న ఖాతాకు ఒకసారి, లేని ఖాతాకు ఒకసారి చొప్పున మార్చి మార్చి అభ్యర్థనలు పంపండి. ముందు ఉన్న ఖాతాకు వంద, తర్వాత లేని ఖాతాకు వంద పంపితే, మధ్యలో సర్వర్ మీద భారం మారినప్పుడు ఆ మార్పే ఫలితంలా కనిపిస్తుంది. మొదటి పది కొలతలను వదిలేయండి, ఎందుకంటే కనెక్షన్ ఏర్పడటం, క్యాష్ నిండటం వంటివి వాటిలో కలిసి ఉంటాయి. ఒక్కో రకానికి కనీసం వంద కొలతలు తీసుకోండి. నెట్‌వర్క్ ట్యాబ్‌లో చూస్తున్నట్లయితే మొత్తం సమయాన్ని కాక, సర్వర్ జవాబు కోసం వేచి ఉన్న సమయాన్ని తీసుకోండి.

లెక్క కట్టేటప్పుడు సగటు వద్దు. ఒక్క అభ్యర్థన ఐదు సెకన్లు ఆగిపోయినా సగటు చెడిపోతుంది. పదో తరగతి గణితంలో నేర్చుకున్న మధ్యగతం వాడండి. దానితో పాటు కనిష్ఠ విలువను కూడా రాసుకోండి.

ఆ తర్వాత, లేని ఖాతాలు రెండింటిని తీసుకుని ఒకదానితో ఒకటి ఇదే విధంగా పోల్చండి. వాటి మధ్య ఏ తేడా వచ్చినా అది నెట్‌వర్క్ ఒడిదుడుకే. ఉదాహరణకు ఈ పోలికలో మధ్యగతాల తేడా 3 మిల్లీసెకన్లు వచ్చి, ఉన్న ఖాతాకూ లేని ఖాతాకూ మధ్య తేడా 250 మిల్లీసెకన్లు వస్తే, లోపం ఉన్నట్టే. రెండో తేడా కూడా 4 మిల్లీసెకన్లే వస్తే, అంత చిన్న తేడా మీద ఏ తీర్పూ ఇవ్వకుండా కొలతలను వెయ్యికి పెంచి మళ్లీ చూడండి. ఈ తటస్థ పోలిక చేయకుండా వచ్చిన సంఖ్యలను నివేదికలో పెట్టవద్దు.

"ఇంటర్నెట్ ఒడిదుడుకుల్లో ఇంత చిన్న తేడాలు ఎవరికి తెలుస్తాయి?" అనే ప్రశ్న తప్పకుండా వస్తుంది. గూఢలిపి గణనకు పట్టే సమయాన్ని బట్టి రహస్య కీని రాబట్టవచ్చని పాల్ కోచర్ 1996లో చూపారు. 2003లో స్టాన్‌ఫర్డ్‌కు చెందిన డేవిడ్ బ్రమ్లీ, డాన్ బోనే స్థానిక నెట్‌వర్క్ మీదుగా జవాబు సమయాలను కొలిచి, ఓపెన్‌ఎస్ఎస్ఎల్ అనే గూఢలిపి లైబ్రరీ వాడే సర్వర్ నుంచి ఆర్ఎస్ఏ ప్రైవేటు కీని రాబట్టారు. వాళ్లు కొలిచిన తేడాలతో పోలిస్తే, మీ లాగిన్ పేజీలోని రెండు వందల మిల్లీసెకన్లు చాలా పెద్దవి.

6. సమయంలోని తేడాను తొలగించండి

సర్వర్ మొదలయ్యేటప్పుడే ఒక నకిలీ హ్యాష్‌ను తయారుచేసి పెట్టుకోండి. లాగిన్ అభ్యర్థన వచ్చినప్పుడు, ఖాతా దొరికితే దాని హ్యాష్‌ను, దొరకకపోయినా, పాస్‌వర్డ్ లేని ఖాతా అయినా నకిలీ హ్యాష్‌ను తీసుకోండి. పాస్‌వర్డ్ పరిశీలించే ఫంక్షన్‌ను రెండు దారులకూ ఉమ్మడిగా, ఒకే చోట, ఒకేసారి పిలవండి. ఖాతా నిజంగా ఉందా, అది పాస్‌వర్డ్ ఉన్న ఖాతాయేనా, చలామణిలో ఉందా, పాస్‌వర్డ్ సరిపోయిందా అన్న నాలుగు విషయాలనూ ఆ తర్వాతే చూసి నిర్ణయం తీసుకోండి.

ఇక్కడ జరిగే తప్పులు కొన్ని ఉన్నాయి, వీటిని ఒక్కొక్కటిగా సరిచూసుకోండి.

నకిలీ హ్యాష్ అసలు హ్యాష్‌ల పద్ధతిలోనే, అదే కాస్ట్‌తో ఉండాలి. దూరంలోని సర్వర్లలోకి లాగిన్ కావడానికి వాడే ఓపెన్‌ఎస్ఎస్‌హెచ్ 7.3కు ముందు వెర్షన్లలో బయటపడిన లోపం (భద్రతా లోపాల జాబితాలో దాని సంఖ్య సీవీఈ-2016-6210) ఇదే. లేని వినియోగదారుకు కూడా ఆ ప్రోగ్రాం నకిలీ హ్యాష్ చేసేది, అంటే జాగ్రత్త ముందే తీసుకున్నారు. కానీ నకిలీది బ్లోఫిష్ పద్ధతి, అసలు వినియోగదారులవి షా-256 లేదా షా-512 పద్ధతి. చాలా పొడవైన పాస్‌వర్డ్ పంపినప్పుడు రెండింటికీ పట్టే సమయం వేరుగా ఉండేది, దానితో ఎవరు ఉన్నారో తెలిసిపోయేది.

పాత ఖాతాలను మరవకండి. బీక్రిప్ట్ కాస్ట్ ఒకటి పెరిగితే పని రెట్టింపవుతుంది. కొన్నేళ్ల కిందట 10తో నమోదైనవారు, ఇప్పుడు 12తో నమోదైనవారు ఒకే డేటాబేస్‌లో ఉంటే, పాతవారి జవాబు సుమారు నాలుగో వంతు సమయంలోనే వస్తుంది. నకిలీ హ్యాష్ 12తో ఉంటే, పాత ఖాతాలన్నీ విడిగా కనిపిస్తాయి. సరైన పాస్‌వర్డ్‌తో లాగిన్ అయిన ప్రతిసారీ పాత హ్యాష్‌ను కొత్త కాస్ట్‌తో మార్చి దాచే ఏర్పాటు చేయండి. ఏళ్ల తరబడి లాగిన్ కానివారి పాస్‌వర్డ్‌లను రద్దు చేసి, రీసెట్ ద్వారా రమ్మనడం మంచిది.

జాంగో (పైథాన్‌లో సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్) వాడేవారికి ఈ పని చాలావరకు ఫ్రేమ్‌వర్కే చేస్తుంది. అయినా పాస్‌వర్డ్ లేని ఖాతాల విషయంలో సమయం తేడా మిగిలిపోయి, దాన్ని 2024 జూలైలో సరిచేశారు (సీవీఈ-2024-39329). ఒకటో మెట్టులో నాలుగో రకం ఖాతా కావాలని పట్టుబట్టడానికి కారణం అదే. పాత వెర్షన్‌లో ఉంటే ముందు అప్‌డేట్ చేయండి.

యాదృచ్ఛికమైన ఆలస్యం కలపడం పరిష్కారం కాదు. సున్నా నుంచి అర సెకను వరకు ఎంతో కొంత ఆలస్యం కలిపారనుకోండి. చాలాసార్లు ప్రయత్నించి కనిష్ఠ విలువలను చూస్తే, ఆలస్యం దాదాపు సున్నా అయిన సందర్భాలు దొరుకుతాయి, అసలు తేడా మళ్లీ బయటపడుతుంది. రెండు దారులకూ ఒకే స్థిరమైన ఆలస్యం కలిపినా తేడా చెక్కుచెదరదు.

ప్రత్యామ్నాయం ఒకటి ఉంది. పని ఎంత త్వరగా పూర్తయినా, అభ్యర్థన మొదలైన క్షణం నుంచి ఒక నిర్ణీత సమయం, ఉదాహరణకు ఒక సెకను, గడిచాకనే జవాబు ఇవ్వడం. కోడ్‌ను లోపల మార్చలేని పాత వ్యవస్థలకు ఇది పనికివస్తుంది. సర్వర్ మీద భారం పెరిగి అసలు పనికే సెకను దాటిన రోజున ఈ రక్షణ ఉండదు కాబట్టి, నకిలీ హ్యాష్ పద్ధతికే నా ఓటు.

పాస్‌వర్డ్ రీసెట్ పేజీలో సమయం తేడా మరో కారణంతో వస్తుంది. ఖాతా ఉంటే సర్వర్ అక్కడికక్కడే మెయిల్ సర్వర్‌తో మాట్లాడి లింకు పంపుతుంది, దానికి ఒక సెకను పట్టవచ్చు; ఖాతా లేకపోతే ఏమీ పంపదు. మెయిల్ పంపే పనిని వెనుక వరుసలో పెట్టి, రెండు సందర్భాల్లోనూ వెంటనే జవాబు ఇవ్వండి. మెయిల్ సర్వర్ పనిచేయకుండా పోయినప్పుడు ఏమవుతుందో కూడా పరీక్షించండి. ఖాతా ఉన్నవారికి మాత్రమే లోపపు పేజీ వచ్చే పరిస్థితిని జాంగోలో 2024 సెప్టెంబరులో సరిచేయవలసి వచ్చింది (సీవీఈ-2024-45231).

7. టోకెన్ల పోలికను సరిచేయండి

రీసెట్ లింకులోని టోకెన్, ఏపీఐ కీ, వెబ్‌హుక్ (మరో సైటు మీ సర్వర్‌కు దానంతటదే పంపే సమాచారం) సంతకం వంటివాటిని మామూలు సమానతా గుర్తుతో పోల్చకండి. మామూలు పోలిక మొదటి తేడా దగ్గరే ఆగిపోతుంది, కాబట్టి ఎన్ని అక్షరాలు సరిపోయాయన్నది సమయంలో కొద్దిగా కనిపిస్తుంది. ఎక్స్‌బాక్స్ 360 మీద 2007లో జరిగిన దాడి దీని మీదే ఆధారపడింది. 16 బైట్ల విలువను ఒక్కసారిగా ఊహించడం అసాధ్యం. బైటు తర్వాత బైటు తెలుసుకోగలిగితే మాత్రం గరిష్ఠంగా 16 సార్లు 256, అంటే 4096 ప్రయత్నాలు చాలు.

పైథాన్‌లో హెచ్‌మ్యాక్ మాడ్యూల్‌లోని కంపేర్ డైజెస్ట్, పీహెచ్‌పీలో హ్యాష్ ఈక్వల్స్, నోడ్‌లో క్రిప్టో మాడ్యూల్‌లోని టైమింగ్ సేఫ్ ఈక్వల్ అనే ఫంక్షన్లు ఇందుకోసమే ఉన్నాయి. నోడ్‌లోని ఫంక్షన్ రెండు విలువల పొడవులు వేరైతే ఎర్రర్ ఇస్తుంది. దాన్ని పట్టుకోకపోతే మళ్లీ కొత్త తేడా పుడుతుంది. రీసెట్ టోకెన్‌ను డేటాబేస్‌లో ఉన్నదున్నట్టుగా కాక, హ్యాష్ చేసి దాచి, వచ్చిన టోకెన్ హ్యాష్‌తో వెతకడం ఇంకా మంచిది. డేటాబేస్ లీకైనా ఆ టోకెన్లు ఎవరికీ పనికిరావు.

8. ప్రయత్నాల పరిమితిని పరీక్షించండి

5వ మెట్టులో ఆపిన పరిమితిని ఈ పరీక్ష కోసం మళ్లీ ఆన్ చేయండి. తప్పు పాస్‌వర్డ్‌ను వరుసగా పదిసార్లు ఇవ్వండి, ముందు ఉన్న ఖాతాతో, తర్వాత లేని ఖాతాతో. "ఐదు ప్రయత్నాలు అయిపోయాయి, అరగంట ఆగండి" అనే మాట ఉన్న ఖాతాకే వస్తే, ఆరో ప్రయత్నంలో రహస్యం బయటపడినట్టే. లెక్కను వినియోగదారుల పట్టికలో పెట్టడం వల్ల ఇది జరుగుతుంది, ఎందుకంటే లేనివారికి ఆ పట్టికలో వరుస ఉండదు. టైప్ చేసిన ఈమెయిల్‌ను ఆధారంగా చేసుకుని, ఖాతా ఉన్నా లేకున్నా, విడిగా లెక్కపెట్టండి. క్యాప్చా కూడా ఇదే నియమంతో రావాలి.

ఐపీ చిరునామాకూ ఒక పరిమితి పెట్టండి, కానీ దాన్ని మరీ బిగించకండి. మన మొబైల్ నెట్‌వర్క్‌లలో అనేకమంది ఒకే ఐపీ వెనుక ఉంటారు. పరీక్ష ఫలితాలు వచ్చే రోజున ఒక కాలేజీ హాస్టల్ మొత్తం బయట నిలబడిపోతుంది.

9. రిజిస్ట్రేషన్ పేజీ గురించి నిర్ణయం తీసుకోండి

అన్నిటికంటే కష్టమైనది ఇదే. "ఈ ఈమెయిల్‌తో ఇప్పటికే ఖాతా ఉంది" అని చెప్పకపోతే నిజమైన వినియోగదారు అయోమయపడతారు, చెబితే ఇంతవరకు చేసిన శ్రమ అంతా వృథా. దారి ఏమిటంటే, రిజిస్ట్రేషన్ ఫారం నింపిన ప్రతివారికీ "మీ ఈమెయిల్‌కు తర్వాతి సూచనలు పంపాము" అని మాత్రమే చూపండి. కొత్తవారికి ధ్రువీకరణ లింకు పంపండి. ఖాతా ఉన్నవారికి "మీకు ఇప్పటికే ఖాతా ఉంది, లాగిన్ కావచ్చు, మీరు ప్రయత్నించకపోతే ఈ మెయిల్‌ను వదిలేయండి" అని రాయండి. మొబైల్ నంబరుతో నడిచే సైటైతే అందరికీ ఓటీపీ పంపి, అది సరిపోయిన తర్వాతే ఖాతా ఉందో లేదో చెప్పండి. ఎస్ఎంఎస్ ఖర్చు పెరుగుతుంది, కాబట్టి పైన చెప్పిన పరిమితి ఇక్కడ తప్పనిసరి.

పచ్చళ్లు అమ్మే సైటుకు ఇంత అవసరమా అంటే, నా అభిప్రాయంలో లేదు. అక్కడ పరిమితీ క్యాప్చా చాలు. ఆరోగ్యం, అప్పులు, న్యాయ సహాయం, వివాహ సంబంధాల విషయంలో మాత్రం ఇది చేయకుండా సైటును జనం ముందుకు తేవద్దు. ఆ జాబితాలో ఒక పేరు బయటపడితే ఇంట్లో, ఉద్యోగంలో ఆ మనిషికి జరిగే నష్టాన్ని ఏ పాస్‌వర్డ్ రీసెట్టూ తీర్చలేదు.

10. ఫలితాన్ని సరిచూసుకోండి

మార్పులు పూర్తయ్యాక 3 నుంచి 5 వరకు, అలాగే 8వ మెట్టును నాలుగు రకాల ఖాతాలతో మళ్లీ చేయండి. జవాబుల మధ్య డిఫ్‌లో అనివార్యమైన టోకెన్లు తప్ప ఏమీ మిగలకూడదు. మధ్యగతాల తేడా, కనిష్ఠాల తేడా రెండూ తటస్థ పోలికలో వచ్చిన తేడాకు మించకూడదు. సమయం సరిపోయి ప్రతి జవాబూ వేగంగానే వస్తోందంటే సంతోషించే ముందు ఒకసారి ఆగండి: ఉన్న ఖాతాకు కూడా హ్యాష్ పరిశీలన జరగకుండా పోయిందేమో, సరైన పాస్‌వర్డ్‌తో లాగిన్ అవుతోందో లేదో, తప్పు పాస్‌వర్డ్‌తో కాకుండా ఆగుతోందో లేదో చూడండి. నకిలీ హ్యాష్‌కు వాడిన పాస్‌వర్డ్‌తో, లేని ఈమెయిల్ మీద లాగిన్ ప్రయత్నించి, అది తప్పక విఫలమవుతోందని కూడా నిర్ధారించుకోండి.

సర్వర్ లాగ్‌లను కూడా తెరిచి చూడండి. విఫలమైన ప్రయత్నాల్లో టైప్ చేసిన వినియోగదారు పేరును లాగ్‌లో రాయడం పరిపాటి, కానీ తొందరలో జనం ఆ పెట్టెలోనే పాస్‌వర్డ్ కొట్టేస్తుంటారు. ఖాతాగా గుర్తించని పేరును లాగ్‌లో యథాతథంగా రాయకుండా, రహస్య కీతో చేసిన హ్యాష్‌ను రాయండి.

స్టేటస్ కోడ్, జవాబు విషయం ఒకటేనా అన్న పోలికను మీ ఆటోమేటిక్ పరీక్షల్లో చేర్చండి. కొత్త డెవలపర్ ఎవరైనా మంచి ఉద్దేశంతోనే "నంబరు నమోదు కాలేదు" అన్న సందేశాన్ని తిరిగి పెడితే వెంటనే తెలుస్తుంది. సమయపు కొలతను మాత్రం ఆటోమేటిక్ పరీక్షల్లో పెట్టకండి, అక్కడి యంత్రాల భారం మారుతూ ఉండటంతో అది తప్పుడు హెచ్చరికలు ఇస్తుంది. ఫ్రేమ్‌వర్క్ వెర్షన్ మారినప్పుడు, హ్యాష్ కాస్ట్ పెంచినప్పుడు, కొత్త లాగిన్ పద్ధతి చేర్చినప్పుడు దాన్ని చేత్తోనే కొలవండి. టెస్ట్ సర్వర్‌లో ఆపిన ప్రయత్నాల పరిమితిని మళ్లీ ఆన్ చేసి, అది పనిచేస్తోందని చూశాకనే కోడ్‌ను అసలు సర్వర్‌కు పంపండి.